చెవుల మేస్త్రి రాసిన ఇంగ్లీషు మాట

డబ్బాల ఫ్యాక్టరీలో ఆయన అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడేది కాదు. అందరికీ ఆయన చెవుల మేస్త్రి. చెవులేమీ పెద్దవి కావు. మొరాయించిన మిషన్ పక్కన నిలబడి, కళ్ళు మూసుకుని రెండు నిమిషాలు వింటే చాలు, జబ్బు ఎక్కడుందో చెప్పేసేవాడు. "ఎడమ బేరింగులో గ్రీజు ఎండిపోయింది" అనేవాడు. విప్పి చూస్తే ఎండిపోయే ఉండేది.

పదిహేడో ఏట రేకు ముక్కలు ఊడ్చే పనికి చేరాడు. చదువు ఏడో తరగతితో సరి. ఊడుస్తూ ఊడుస్తూ మిషన్ల భాష నేర్చుకున్నాడు. ముప్ఫై నాలుగేళ్ళు గడిచేసరికి ప్రెస్ షాపులో మొదటి షిఫ్టుకి ఇన్‌ఛార్జి అయ్యాడు. ఆయన చేతికింద పదకొండు పవర్ ప్రెస్సులు. పెడల్ తొక్కితే పైనున్న అచ్చు దబ్బున దిగి, కింద పెట్టిన రేకుని మూతలా కోసి, మళ్ళీ పైకి వెళ్ళి ఆగుతుంది. అలా ఆపేది బ్రేకు. బ్రేకు అరిగితే అచ్చు ఆగదు, తొక్కకపోయినా రెండోసారి దిగుతుంది. ఆ రెండోసారికి రేకు తీయడానికి వెళ్ళిన చెయ్యి లోపల ఉంటుంది. ప్రెస్ షాపులో ఎవరైనా నిజంగా భయపడేది దానికొక్కదానికే.

ఆయన బావమరిది కూడా అక్కడే రెండో షిఫ్టులో నాలుగో నంబరు ప్రెస్ నడిపేవాడు. భార్యకి ఒక్కడే తమ్ముడు. తొమ్మిదేళ్ళ కిందట ఆ ఉద్యోగం వేయించింది మేస్త్రే. మనిషి మహా సరదా. భోజనాల గదిలో అతనుంటే క్యారేజీలు ఖాళీ అయ్యేవి కావు, నవ్వడమే సరిపోయేది.

ఫ్యాక్టరీ చేతులు మారింది. కొత్త యజమానులు ఎక్కడో ఉన్నారు, కొత్త మేనేజరు మాత్రం ఎదురుగా ఉన్నాడు. వచ్చిన నెలలోపే రెండు మార్పులు తెచ్చాడు. అప్పటిదాకా షిఫ్టు మారేటప్పుడు పావుగంట ఇద్దరు ఇన్‌ఛార్జీలూ షాపంతా కలిసి తిరిగేవాళ్ళు. "దీనికి నూనె కారుతోంది, దాని జోలికి పోకు" అని వెళ్ళేవాడు వచ్చేవాడికి నోటితో చెప్పేవాడు. ఆ పావుగంట దండగ అని తీసేశాడు. రెండు కొట్టేసరికి మొదటి షిఫ్టు గేటు బయట ఉండాలి. చెప్పాల్సిందంతా లాగ్ పుస్తకంలో రాయాలి. ఆ రాసేది ఇంగ్లీషులో రాయాలి, ఎందుకంటే హెడ్డాఫీసు వాళ్ళు చదువుతారు.

మేస్త్రికి వచ్చిన ఇంగ్లీషు పిడికెడు. బ్రేక్, స్ప్రింగ్, బోల్ట్, నాట్ ఓకే, ఓకే. వీటికి తోడు పాత ఇంజనీరు దగ్గర విన్న మాట ఒకటుంది, 'గోయింగ్ ఆన్'. పని జరుగుతోందని. దాన్నే అన్నిటికీ వాడేశాడు. రెండో నంబరు క్లచ్ వర్క్ గోయింగ్ ఆన్. ఏడో నంబరు మోటార్ వర్క్ గోయింగ్ ఆన్. నాలుగో నంబరు బ్రేక్ వర్క్ గోయింగ్ ఆన్.

మూడు వారాలకి మేనేజరు పిలిచాడు. పుస్తకం బల్లమీద తెరిచి ఉంది. పక్కనే ఎర్ర సిరాతో ఏదో గీకి ఉంది.

"ఏంటి మేస్త్రీ ఇది? పేజీ తిప్పితే గోయింగ్ ఆన్, ఇంకో పేజీ తిప్పినా గోయింగ్ ఆన్. నీ పనులు ఎప్పుడూ నడుస్తూనే ఉంటాయా, ఎక్కడికైనా చేరేది ఉందా? హెడ్డాఫీసు వాళ్ళు నన్ను అడుగుతున్నారు. ప్రోగ్రెస్ కనపడాలి. వేరే మాటలే లేవా ఇంగ్లీషులో?"

"ఉంటాయి సార్. నాకు రావు."

"నేర్చుకో. వచ్చే నెల నుంచి ఇంగ్లీషు రాయలేనివాళ్ళని ఇన్‌ఛార్జిగా ఉంచడం కుదరదు. రెండో షిఫ్టులో కళ్ళజోడు అబ్బాయిని చూడు, ఎంత చక్కగా రాస్తాడో."

మేస్త్రి తలూపి బయటికొచ్చాడు. యాభై ఒక్క ఏళ్ళొచ్చాక మళ్ళీ మొదటికొచ్చి చీపురు పట్టుకోవాలా? ఆ సాయంత్రం అన్నం కలిపి కలిపి వదిలేశాడు. భార్య రెండుసార్లు అడిగింది. ఏం లేదన్నాడు. చివరికి వంటింట్లో ఆవిడ గిన్నెలు కడుక్కుంటుంటే కూతురి బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

కూతురు డిగ్రీ ఆఖరి సంవత్సరం. ఏదో ఉద్యోగ పరీక్షకి చదువుతోంది, బల్లనిండా ఇంగ్లీషు పుస్తకాలే.

"అమ్మా, ఒక చిన్న పని. పని ముందుకు సాగుతోంది అని చెప్పడానికి ఇంగ్లీషులో ఎన్ని మాటలున్నాయి?"

"ఎందుకు నాన్నా?"

"రోజుకొకటి కావాలి."

ఆ పిల్ల నవ్వింది. సంగతి విన్నాక నవ్వు ఆపింది. ఒక తెల్ల కాగితం తీసుకుంది. "చూడు. ఇంగ్లీషులో చిన్న మాట పక్కన ఇంకో చిన్న మాట తగిలిస్తే అర్థం మొత్తం మారిపోతుంది. గెట్ ఆన్ అంటే సాగడం. అదే గెట్ ఆఫ్ అన్నావనుకో, దిగిపోవడం."

"నట్టు కింద వేసే వాషరు లాగా. వాషరు మారితే బిగింపు మారుతుంది."

"అచ్చం అంతే."

ఒక్కొక్కటే తెలుగు అక్షరాల్లో రాసి, పక్కనే ఇంగ్లీషులో రాసి, చదివించింది. కమింగ్ అలాంగ్, బాగానే వస్తోందని. మూవింగ్ అహెడ్, ముందుకు కదులుతోందని. ప్రెసింగ్ ఆన్, ఎంత కష్టమైనా ఆపకుండా చేస్తున్నామని. ఈ మాట మేస్త్రికి భలే నచ్చింది. "మా షాపుకి సరిపోతుంది, ప్రెస్సులే కదా మావి" అన్నాడు. తర్వాతది ఫోర్జింగ్ అహెడ్. ఫోర్జింగ్ అంటే ఇనుము కాల్చి సాగగొట్టడమని ఆయనకి తెలుసు. "ఇది కమ్మరివాళ్ళ మాట, ఎక్కడినుంచి ఎక్కడికొచ్చింది!" అని ఆశ్చర్యపోయాడు. చాలా కాలం తర్వాత తండ్రీకూతుళ్ళు ఒక బల్ల దగ్గర కూర్చున్నారు. ఎనిమిది మాటలు అయ్యాయి. స్నేహితురాలు ఫోన్ చేసింది. మాట్లాడుతూనే కూతురు పుస్తకంలో అదే పేజీలో కింద ఉన్నవి ఇంకో నాలుగు చూసి గబగబా రాసేసి కాగితం చేతిలో పెట్టింది. ఆ పేజీ పైన ప్రగతి, విజయం అని రెండూ కలిపి రాసి ఉన్నాయి. పైన ఉన్నవి సాగే పనికి, కింద ఉన్నవి పూర్తయిన పనికి. మేస్త్రికి ఆ తేడా ఎవరూ చెప్పలేదు. పన్నెండూ ఒకే కుదురులోవని అనుకున్నాడు.

మర్నాటి నుంచి రోజుకొకటి. కాగితం చొక్కా జేబులో పెట్టుకుని, రెండుకి పది నిమిషాల ముందు బయటికి తీసి, తాళం చెవి మొన ఒక్కో అక్షరం మీద ఆనించుకుంటూ పుస్తకంలోకి ఎక్కించేవాడు. మూడోరోజు మేనేజరు ఎర్ర సిరాతో టిక్కు పెట్టాడు. ఆరోరోజు 'గుడ్' అని రాశాడు. మేస్త్రి ఆ మాట ఇంటికొచ్చి కూతురికి చెప్పినప్పుడు చిన్నపిల్లాడిలా ఉన్నాడు.

తొమ్మిదోరోజు నాలుగో నంబరు ప్రెస్ బ్రేకు పట్టీ కొత్తది వేశారు. దాన్ని బిగించి పట్టుకునే స్ప్రింగు మాత్రం స్టోర్సులో లేదు, మర్నాడు వస్తుందన్నారు. స్ప్రింగు లేని బ్రేకు బ్రేకు కాదు. మేస్త్రి స్విచ్చుకి ఎర్ర అట్ట తగిలించాడు, దాని మీద తన చేత్తోనే 'నడపరాదు' అని రాశాడు. తర్వాత పుస్తకం తీశాడు. పనైతే ముందుకు తీసుకెళ్ళాం. కాగితంలో తొమ్మిదో మాట క్యారీ త్రూ. జరిగిపోయిన పనికి చివర ఎలా మార్చాలో కూతురు చెప్పింది. రాశాడు: నంబర్ ఫోర్. బ్రేక్ వర్క్ క్యారీడ్ త్రూ.

తీసుకెళ్ళాం, దారిలోకి తెచ్చాం అని ఆయన లెక్క. అసలు అర్థం, ఆ పని చివరిదాకా చేసి ముగించాం అని.

రెండు కొట్టింది. గేటు దగ్గర బావమరిది ఎదురొచ్చాడు.

"ఏంటి బావా, మేనేజరు నీకు గుడ్ పెట్టాడంట? ఇక నుంచి ఇంట్లో అక్కతో కూడా ఇంగ్లీషేనా?"

"పోరా. మీ అక్క తెలుగులో తిడితేనే తట్టుకోలేకపోతున్నా."

ఇద్దరూ నవ్వుకున్నారు. వెనకనుంచి హాజరు కార్డు కొట్టేవాళ్ళు తోస్తున్నారు. నాలుగో నంబరు జోలికి పోకు అని ఒక్క మాట నాలుక చివరి వరకూ వచ్చింది. అట్ట తగిలించాను కదా, పుస్తకంలో రాశాను కదా అనుకున్నాడు. బస్సు వచ్చింది, ఎక్కేశాడు.

*

నాలుగింటికి ఫోన్ వచ్చింది. మేస్త్రి అప్పుడే కాళ్ళు కడుక్కుని కూర్చున్నాడు. అవతల ప్యాకింగులో పనిచేసే పెద్దమనిషి. "మేస్త్రీ, నాలుగో నంబరు డబుల్ కొట్టింది. మీ బావమరిది చెయ్యి..." అని ఆగాడు.

"నాలుగో నంబరు నడవకూడదు కదా!"

"అట్ట తీసేశారంట."

భార్య గుమ్మంలో నిలబడి ఆయన మొహం చూస్తోంది. "మీ తమ్ముడికి దెబ్బ తగిలింది" అన్నాడు. ఎంత దెబ్బ అని ఆవిడ అడగలేదు. చెప్పులు వేసుకోకుండానే బయటికి నడిచింది.

ఆస్పత్రి వరండాలో బావమరిది భార్య గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఆయన్ని చూడగానే లేచింది. "అన్నయ్యా, నాలుగు వేళ్ళు. బొటనవేలు ఒక్కటే మిగిలింది. కుడి చెయ్యి" అంది. ఏడవలేదు, సామాను లెక్క అప్పజెప్పినట్టు చెప్పింది. ముప్ఫై నాలుగేళ్ళలో మేస్త్రి ఉన్న షిఫ్టులో ఒక్క గోరు పోలేదు.

అట్ట తీసింది రెండో షిఫ్టు ఇన్‌ఛార్జి, ఆ కళ్ళజోడు అబ్బాయి. స్విచ్చుకి ఎర్ర అట్ట ఉండటం చూశాడు, పుస్తకం చూశాడు. పని పూర్తయిందని రాసి ఉంది. అట్ట తీయడం మర్చిపోయారు కాబోలు అనుకున్నాడు. మూతల ఆర్డరు తొందర మీద ఉంది. మిషన్ వేయమన్నాడు.

మూడోరోజుకి బావమరిది చేతికి చీము పట్టింది, జ్వరం పట్టుకుంది. డాక్టరు ఇంకో డాక్టరుతో మాట్లాడుతూ, "హీ విల్ పుల్ త్రూ" అని వెళ్ళిపోయాడు. మేస్త్రికి చివరి రెండు మాటలే వినపడ్డాయి, వాటిలో తెలిసింది ఒక్కటే. త్రూ. అయిపోయిందన్నమాట, పుస్తకంలో తను రాసినదానికి అదే అర్థమని ఫ్యాక్టరీవాళ్ళు చెప్పారు. గోడ పట్టుకుని అలాగే జారి కూర్చున్నాడు. కూతురు పరుగెత్తుకొచ్చింది.

"త్రూ అన్నాడమ్మా. మీ మామయ్య అయిపోయాడన్నాడు."

"ఏమన్నాడు నాన్నా? మొత్తం చెప్పు."

"పుల్ త్రూ అన్నాడు."

"గట్టెక్కుతాడని నాన్నా. బతికి బయటపడతాడని."

"ఒక చోట ముగిసిందని, ఇంకో చోట గట్టెక్కుతాడని! ఏం మాటలే ఇవి!" అని మేస్త్రి నెత్తి కొట్టుకున్నాడు. అప్పటికే ఆ రాసిన మాట గురించి ఫ్యాక్టరీలో అందరూ అనుకుంటున్నారు. కూతురు ఆయన పక్కనే కూర్చుని, అడగలేక అడగలేక అడిగింది.

"నువ్వు పుస్తకంలో రాసింది... నేనిచ్చిన మాటేనా?"

"కాదు."

"మరి ఎక్కడిది?"

"నేనే ఎక్కడో విన్నాను. నువ్విచ్చినవి పైన ఎనిమిదే రాశాను. ఇది నా సొంతం."

ఆయనకి అబద్ధం ఆడటం ఎప్పుడూ రాలేదు. కూతురు తండ్రి చొక్కా జేబు వంక చూసింది. కాగితం మడత అంచు పైకి కనపడుతూనే ఉంది. ఆ రోజే ఇంటికెళ్ళి పుస్తకాలన్నీ మంచం కిందకి తోసేసింది.

*

విచారణ రోజు మేనేజరు గదిలో నలుగురు ఉన్నారు. మేనేజరు, హెడ్డాఫీసు నుంచి వచ్చిన ఒక ఆవిడ, కళ్ళజోడు ఇన్‌ఛార్జి, మేస్త్రి. బల్లమీద లాగ్ పుస్తకం, దాని పక్కన లావుపాటి నిఘంటువు.

"క్యారీడ్ త్రూ అని ఎందుకు రాశావు?" అని ఆవిడ అడిగింది.

"పని ముందుకు తీసుకెళ్ళాం అని, మేడమ్."

ఆవిడ నిఘంటువు తిప్పి వేలు పెట్టి చూపించింది. మేస్త్రికి ఆ అక్షరాలు చీమల బారులా కనిపించాయి. "పూర్తి చేయడం అని అర్థం. ఈ మాట మీకు ఎవరు చెప్పారు?"

అదే ప్రశ్న మూడు రకాలుగా అడిగారు. మేస్త్రి ఒకటే జవాబు. ఒక పుస్తకంలో చూశాను. ఏ పుస్తకం? పోయింది. ఎక్కడ? బస్సులో. జేబులో కాగితం నిప్పులా కాలుతోంది. అది తీసి బల్లమీద పెడితే సగం బరువు దిగుతుందని తెలుసు. ఆ సగం బరువూ ఎవరి నెత్తిన పడుతుందో కూడా తెలుసు. చెయ్యి జేబు మీద పెట్టుకుని అలాగే కూర్చున్నాడు, మింగలేక కక్కలేక.

"తెలియని మాట ఎందుకు వాడారసలు? తెలిసిన మాటే వాడొచ్చు కదా?" అంది ఆవిడ.

అప్పుడు మేస్త్రి తలెత్తాడు. "అది వాడొద్దన్నారు మేడమ్. ముందు పేజీలు తిప్పండి."

మేనేజరు అటు కదిలాడు. ఆవిడ అప్పటికే తిప్పింది. ఎర్ర సిరా బయటపడింది. ఒకే మాట ఎన్నిసార్లు, ప్రోగ్రెస్ చూపించు, వేరే మాటలు వాడు. దాని తర్వాత టిక్కులు. తర్వాత గుడ్.

"వాక్యాలు మార్చమన్నాను కానీ తప్పులు రాయమనలేదే" అన్నాడు మేనేజరు. గొంతులో మునుపటి బిగువు లేదు.

మేస్త్రికి ఆ క్షణంలో సంతోషం కలగాలి. కలగలేదు. మేనేజరు తప్పు ఎంత పెద్దదైనా బావమరిది చేతికి వేళ్ళు మొలవవు కదా.

తీర్పు వారానికి వచ్చింది. మేస్త్రిని ఇన్‌ఛార్జి పని నుంచి తీసేసి ప్యాకింగుకి వేశారు. అట్టపెట్టెలకి టేపు అంటించే పని. మేనేజరుకి ఒక హెచ్చరిక ఉత్తరం వచ్చిందని చెప్పుకున్నారు. కళ్ళజోడు అబ్బాయి తనంతట తనే రాజీనామా పెట్టాడు. షిఫ్టుల మధ్య పావుగంట మాత్రం చప్పుడు లేకుండా తిరిగి వచ్చింది. నోటితో చెప్పనిదే మిషన్ ముట్టుకోమని ప్రెస్ షాపు వాళ్ళు భీష్మించుకున్నారు మరి. చేతులు కాలాక పట్టుకున్న ఆకులే అయినా, ఆకులు ఆకులే.

*

ఇంట్లో భార్య మాట్లాడటం మానేసింది. తిట్టలేదు, అలగలేదు. అన్నం పెట్టేది, నీళ్ళు పెట్టేది, వెళ్ళిపోయేది. ఒక్కసారి మాత్రం, బట్టలు మడతపెడుతూ, ఆయన వైపు చూడకుండా అడిగింది. "గేటు దగ్గర వాణ్ణి చూశారంట కదా."

"చూశాను."

"మాట్లాడారంట."

"మాట్లాడాను."

"ఏం మాట్లాడారు?"

ఆవిడ చేతిలో చొక్కా మడత విప్పి, మళ్ళీ మడిచి, మళ్ళీ విప్పింది.

ఆ గేటు దగ్గరి సంగతి బావమరిది కూడా ఎత్తాడు. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక మేస్త్రి చూడటానికి వెళితే, కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని, గోడవైపు చూస్తూ అన్నాడు. "పుస్తకంలో నువ్వేం రాస్తే నాకేంటి బావా? నేనేమైనా పుస్తకం చదివి మిషన్ ఎక్కుతానా? నువ్వు నా ఎదురుగా నిలబడ్డావు. నవ్వావు. ఒక్క మాట అని ఉంటే పోయేది."

"అట్ట ఉంది కదా అనుకున్నాను రా."

"నేనూ నువ్వున్నావు కదా అనుకున్నాను."

మేస్త్రి ఆ తర్వాత అక్కడికి వెళ్ళలేకపోయాడు. వీధి మలుపు దాకా వెళ్ళేవాడు, అక్కడ టీ కొట్టు దగ్గర నిలబడేవాడు, వెనక్కి వచ్చేసేవాడు. ప్యాకింగులో పనిచేస్తుంటే గోడ అవతల ప్రెస్సుల చప్పుడు వినిపించేది. ఇంతకుముందు ఆ చప్పుడులో ఏ మిషన్ ఎలా ఉందో తెలిసేది. ఇప్పుడు ప్రతి దెబ్బకీ ఇంకో దెబ్బ పడుతుందేమోనని ఒళ్ళు బిగుసుకునేది. చెవుల్లో దూది పెట్టుకుని టేపు అంటించేవాడు. అది చూసి ఎవరూ నవ్వలేదు. ఆ పేరుతో పిలవడం కూడా నెమ్మదిగా మానేశారు.

కూతురు పరీక్షకి వెళ్ళనంది. మేస్త్రి బతిమాలాడు. "నీ తప్పేం లేదమ్మా, నా మాట నమ్ము."

"కాగితం చూపించు అయితే."

ఆయన చూపించలేదు. ఆ పిల్ల ఆ మధ్యాహ్నమే ఒక్కతే మామయ్య ఇంటికి వెళ్ళి, ఆ మాట రాసిచ్చింది తనేనని చెప్పేసింది. సాయంత్రం ఏడ్చిన కళ్ళతో తిరిగొచ్చింది. తల్లి అడిగింది, ఏమన్నాడని.

"ఏం అనలేదు. తర్వాత, పరీక్ష ఎప్పుడే అన్నాడు. సోమవారం అన్నాను. రాయకపోతే మాత్రం నా గుమ్మం తొక్కకు అన్నాడు."

తల్లి అప్పుడు మొదటిసారి మొగుడి వంక నేరుగా చూసింది. ఇన్నాళ్ళూ ఆయన ఎవరిని దాచిపెట్టాడో ఆవిడకి అప్పుడు అర్థమైంది. అర్థమైనంత మాత్రాన కోపం తగ్గలేదు. కంచంలో కూర మాత్రం ఇంకొంచెం వేసింది.

కూతురు పరీక్ష రాసింది. తప్పింది. ఇంగ్లీషు పేపరులోనే తప్పింది, ఎప్పుడూ అందులోనే ఎక్కువ మార్కులు తెచ్చుకునే పిల్ల. మళ్ళీ రాస్తానని గానీ రాయనని గానీ అనలేదు.

*

మూడు నెలల తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం ఎవరో తలుపు కొట్టారు. భార్య తీసింది. కళ్ళజోడు అబ్బాయి. గడ్డం పెరిగి, సగానికి సగం అయిపోయి ఉన్నాడు. ఆవిడ అతన్ని ఎప్పుడూ చూడలేదు కానీ గుర్తుపట్టింది. పక్కకి తప్పుకుని లోపలికి రానిచ్చింది.

అతను కుర్చీ చూపించినా కూర్చోలేదు. "మేస్త్రిగారూ, నాకు నిద్ర పట్టట్లేదండీ. ఒక్క మాట అడిగి వెళ్ళిపోతాను. తప్పు నాదేనా?"

ఈ ప్రశ్నకి మేస్త్రి ఎన్ని రాత్రులు ఎన్ని జవాబులు కట్టుకున్నాడో! తప్పు నీదే, అట్ట ఎందుకు తీశావు, అట్ట మీద తెలుగులో రాశాను కదా, అది కూడా చదవలేకపోయావా? అన్నీ నోటిదాకా వచ్చాయి. ఎదురుగా ఆ అబ్బాయి ఇంకా నిలబడే ఉన్నాడు.

"నువ్వు సరిగ్గానే చదివావు బాబూ" అన్నాడు. "ఆ మాటకి నువ్వు చెప్పుకున్న అర్థమే అసలు అర్థం. రాసింది తప్పు."

"అట్ట మీద మీ చేతిరాత ఉంది. మిమ్మల్ని అడగాల్సింది. ఫోన్ నంబరు కూడా ఉంది నా దగ్గర. చెయ్యలేదు."

"నేను నోటితో చెప్పాల్సింది. ఎదురుగా ఉన్నాడు. చెప్పలేదు."

ఆ అబ్బాయి గోడకి ఆనుకుని ఏడ్చాడు. మేస్త్రి కూడా ఏడ్చాడు, ఇన్నాళ్ళలో మొదటిసారి. వంటింటి గుమ్మంలోంచి భార్య ఇద్దరినీ చూస్తూ నిలబడింది. చివరికి మంచినీళ్ళ గ్లాసు తెచ్చి బల్లమీద ఠంగుమని పెట్టింది.

"ఇక్కడ కూర్చుని ఇద్దరూ ఏడిస్తే వాడికేంటి లాభం? లేవండి. వాడి దగ్గరికి పోయి ఏడవండి."

మేస్త్రి తడబడ్డాడు. "వాడు రానిస్తాడో లేదో..."

"రానివ్వకపోతే గుమ్మంలో నిలబడండి. మీకు కాళ్ళున్నాయి కదా."

ఇద్దరూ బస్సెక్కారు. మలుపులో టీ కొట్టు దగ్గర మేస్త్రి అడుగులు అలవాటుగా ఆగాయి. ఆ అబ్బాయి కూడా ఆగి ఆయన వంక చూశాడు. మళ్ళీ నడిచారు.

బావమరిది వసారాలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఇద్దరూ కలిసి రావడం చూసి కళ్ళు చికిలించాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు. కుడిచేతి కట్టు పోయింది. మిగిలిన బొటనవేలు ఎర్రగా, ఒంటరిగా ఉంది. అబ్బాయి దాన్ని చూసి నిలబడ్డచోటే తల వంచేశాడు.

"నువ్వేనా ఆ రోజు మిషన్ వేయమన్నది?" అన్నాడు బావమరిది.

"అవునండీ."

"నాకూ మొదటి దెబ్బకే చప్పుడు తేడాగా అనిపించింది. మా బావ అయితే అక్కడే ఆపేవాడు. ఆర్డరు తొందర అన్నావని నేను ఆపలేదు." అతను అది క్షమించినట్టు చెప్పలేదు, ఊరికే జరిగింది జరిగినట్టు చెప్పాడు. తర్వాత ఎడమచెయ్యి ముందుకు చాపి వేళ్ళు విప్పాడు. గోళ్ళు ఎగుడుదిగుడుగా పెరిగి ఉన్నాయి.

"కుడిచెయ్యి గోళ్ళ బాధ ఎలాగూ తీరిపోయింది. దీని గోళ్ళు తీసుకోవాలంటే ఆ చెయ్యి కావాలి. మా ఆవిడ తీస్తే చర్మంతో సహా తీస్తుంది. లోపల కిటికీలో కట్టరుంది, తీసుకురా బావా."

మేస్త్రి లోపలికి వెళ్ళి తెచ్చాడు. కింద నేలమీద కూర్చుని బావమరిది చెయ్యి తన ఒళ్ళోకి తీసుకున్నాడు. చూపుడువేలు దగ్గర మొదలుపెట్టాడు. కట్టరు పక్కకి జారుతుంటే కళ్ళజోడు అబ్బాయి వచ్చి పక్కన కూర్చుని, బావమరిది మణికట్టుని కదలకుండా పట్టుకున్నాడు.

"మెల్లగా" అన్నాడు బావమరిది.